బోర్డు మీది పాస్‌వర్డు

మన కోనసీమ జిల్లా విడిగా ఏర్పడిన మరుసటి ఏడాది జూన్ నెలలో నన్ను అమలాపురం నుంచి రాజోలు బదిలీ చేశారు. హోదా సబ్ డివిజనల్ ఇంజినీరు. టెలిఫోన్ల శాఖలో జూనియర్ టెలికాం ఆఫీసరుగా చేరినవాళ్ళు చాలా ఏళ్ళకు ఎక్కే మెట్టు ఇది. ఒక పట్టణమూ, చుట్టుపక్కల ఎక్స్ఛేంజీలూ, వాటి మీది లైన్లూ, ఆ లైన్లు పని చేయనప్పుడు పడే తిట్లూ అన్నీ ఈ అధికారి కిందికే వస్తాయి. నాకు అప్పటికి రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉంది. మా నాన్నగారు రాజోలు పక్క ఊళ్ళోనే మిషన్ బడిలో మేష్టారుగా పని చేసి రిటైరయ్యారు కనుక, సొంత ఊళ్ళో పదవీ విరమణ చేసే అదృష్టం పట్టిందని మా వాళ్ళంతా సంతోషించారు. నేనూ సంతోషించాను. సొంత ఊరంటే ఆఫీసుకు వచ్చేవాళ్ళలో సగం మంది మన చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్ళే ఉంటారని చేరాక అర్థమైంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫిర్యాదు అంటే డయల్ టోన్ లేదనే. స్తంభమెక్కి, జాయింటు విప్పి, రాగి తీగె తెగిందా, చిలుమెక్కిందా అని చూసేవాళ్ళం. తర్వాత రాగి పోయి ఫైబరు వచ్చింది. వెంట్రుకంత గాజుపోగులో వెలుతురు ఇంటిదాకా వెళుతుంది. అక్కడ రౌటరనే డబ్బా దాన్ని అందుకొని గాలిలోకి, అంటే వైఫైగా మారుస్తుంది. రాగి తీగె రోజుల్లో మా లైను ఇంటి గోడ దగ్గర ఆగిపోయేది. వైఫై గోడ దగ్గర ఆగదు. ఈ ఒక్క తేడా వల్ల ఎంత పని పడుతుందో నాకు రాజోలులోనే తెలిసివచ్చింది.

ఆ ఏడు జూలైలో గోదావరికి నీళ్ళు వచ్చాయి. ఏటి నడుమ ఉండే లంక గ్రామాలవాళ్ళకు అది కొత్త కాదు. సామాను అటక మీద పెట్టుకుని, పశువులను ముందే గట్టెక్కించి, నీరు ఎంత వస్తుందో చూస్తూ కూర్చుంటారు. అలా కూర్చున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, బ్యారేజీ గేట్లన్నీ ఒక్కసారిగా ఎత్తేశారనీ, చీకటి పడేలోగా లంకలు మునిగిపోతాయనీ సోషల్ మీడియాలో ఒక పోస్టు వచ్చింది. కింద ఎక్కడిదో, ఎప్పటిదో, నీళ్ళు సుడులు తిరిగే వీడియో. పెట్టినవాడి పేరు 'లంక మిత్రుడు'. అరగంటలో అది ఫోను ఫోనుకూ పాకింది. ఒక లంకలో జనం ఉన్నపళాన పడవల మీద పడ్డారు. పది మంది ఎక్కవలసిన నాటు పడవలో ముప్ఫై మంది ఎక్కారు. రేవు దగ్గరికి వచ్చాక అది ఒరిగిపోయింది. అక్కడ నడుములోతు నీళ్ళే కనుక ప్రాణాలు పోలేదు. ఒక ముసలాయన మణికట్టు విరిగింది. బియ్యం మూటలు తడిసిపోయాయి. ఒకావిడ కోళ్ళ గంప ఏట్లో కొట్టుకుపోయింది. గేట్లు ఎత్తిన మాట అబద్ధమని సాయంత్రానికి తేలింది.

తహసీల్దారు గారు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. కొద్ది వారాల తర్వాత రాజోలు ఎస్సై గారు ఒక కాగితం పట్టుకుని స్వయంగా నా ఆఫీసుకు వచ్చారు. ఆయన కుర్రవాడే, మర్యాదస్తుడు. పోస్టు ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చిందో సోషల్ మీడియా కంపెనీ తెలిపింది. ఐపీ చిరునామా అంటే ఇంటర్నెట్టులో ఒక కనెక్షనుకు ఆ సమయానికి ఉండే నంబరు. ఆ సమయంలో ఆ నంబరు ఎవరి కనెక్షనుకు ఇచ్చామో రాష్ట్ర స్థాయిలోని మా నోడల్ ఆఫీసు చూసి చెబుతుంది. అది రాజోలులో రొయ్యల మేత షాపు నడిపే బాబ్జీ గారనే ఆయన లైనని తేల్చి, స్థానికంగా ధ్రువీకరించమని నాకు పంపారు.

"చిన్న సర్టిఫికెట్ కావాలండి మేడం. పోస్టు ఈ ఇంట్లోంచే వచ్చింది, ఈవిడే పెట్టింది అని తమరు రాసిస్తే కోర్టులో పెట్టేస్తామండి," అన్నారు ఎస్సై గారు.

"ఈవిడ ఎవరండి?"

బాబ్జీ గారికి బటన్ల ఫోను తప్ప మరొకటి లేదట. కొడుకు శ్రీను ఆ వేళ రొయ్యల చెరువుల దగ్గర ఉన్నాడని పది మంది చెప్పారట. ఇంట్లో పెద్ద ఫోను ఉన్న మనిషి కోడలు దుర్గ ఒక్కతే. పైగా ఆమె పుట్టిల్లు ఆ లంకే. తెలిసిన ఊరు కాబట్టి పెట్టి ఉంటుందని స్టేషనులో నిర్ణయానికి వచ్చేశారు.

"ఇల్లు నేను చెప్పగలనండి. మనిషిని ఎలా చెబుతాను? ఈ నంబరు గుమ్మం లాంటిది. గుమ్మం ఏదో తెలుస్తుంది, అందులోంచి ఎవరొచ్చేరో తెలీదు కదండి," అన్నాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నిజమేనండి. కానీ పైనుంచి రోజూ ఫోన్లేనండి. సోమవారం దాకా ఆగుతాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదండి," అన్నారు. అది శుక్రవారం ఉదయం.

ఆ మధ్యాహ్నమే మా లైన్‌మన్ సూరిబాబును వెంటబెట్టుకుని బాబ్జీ గారింటికి వెళ్ళాను. బస్టాండు వెనక వీధిలో రెండంతస్తుల మేడ. కింద రొయ్యల మేత అమ్మే షాపు, పైన కాపురం. ఒకప్పుడు బాబ్జీ గారు సముద్రం మీద వేటకు పోయే బోటుకు యజమాని. ఆ తర్వాత చెరువుల్లోకి దిగి నిలదొక్కుకున్నారు. పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద చెయ్యి. మేము మెట్లెక్కేలోపే కొబ్బరి బొండాలు కొట్టించారు.

దుర్గ తలుపు పక్కన నిలబడి ఉంది. రెండు రోజులుగా స్టేషనుకు తిరిగిన అలసట ముఖంలో తెలుస్తోంది. ఆమె నర్సింగు చదివింది. ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఎంపికైంది. ఇక మిగిలింది పోలీసు వెరిఫికేషను. ఏ స్టేషను నుంచి ఆమె మీద ఏ కేసూ లేదని రాసి రావాలో, ఆ స్టేషనులోనే ఆమె మీద కేసు రాయబోతున్నారు.

"మా అమ్మ ఆ పడవలోనే ఉందండి మేడం గారూ," అంది దుర్గ. "కోళ్ళ గంప పోయింది మా అమ్మదేనండి. నేను అలాంటి పోస్టు పెడతానేటండి?"

"ఈ మాట ఎస్సై గారితో చెప్పేవా అమ్మా?"

"చెప్పేనండి. అమ్మను కాపాడదామనే ముందు పెట్టేసేవేమో అన్నారండి."

ఆ మాట తర్కానికి నిలుస్తుంది, అదే చిక్కు. నేను రౌటరు చూపించమన్నాను. టీవీ బల్ల మీద, లేసు గుడ్డ కప్పి, పక్కన ప్లాస్టిక్ గులాబీలు పెట్టి ఉంది. గుడ్డ తీసి చూస్తే బిగించిన రోజు అంటించిన స్టిక్కరు అలాగే ఉంది. రౌటరుకు రెండు తాళాలుంటాయి. ఒకటి వైఫై పాస్‌వర్డు, దాంతో ఫోన్లు కలుస్తాయి. రెండోది అడ్మిన్ పాస్‌వర్డు, దాంతో రౌటరు లోపలి అమరికలే మార్చవచ్చు. రెండోది కొన్ననాటిదే ఉంది. ఆ మోడలు డబ్బాలన్నిటికీ అదే మాట. బిగించడానికి వచ్చిన కాంట్రాక్టు మనుషులు దాన్ని మార్చకుండా వెళ్ళిపోవడం మా శాఖలో మామూలే.

"వైఫై పాస్‌వర్డు ఏం పెట్టేరండి?" అని అడిగాను.

"నా ఫోన్ నంబరేనండి! మర్చిపోకుండా ఉంటాదని," అన్నారు బాబ్జీ గారు గర్వంగా.

సూరిబాబు నా వైపు చూసి, కిటికీలోంచి కిందికి చూపించాడు. షాపు ముందు స్తంభానికి కట్టిన బోర్డు మీద బాబ్జీ గారి పేరూ, రొయ్య బొమ్మా, దాని కింద మూరెడు అంకెలతో అదే ఫోన్ నంబరూ ఉన్నాయి. వైఫై పేరేమో 'బాబ్జీ ప్యాలెస్'. అంటే వీధిలో నిలబడ్డ ఏ మనిషికైనా ఇల్లెవరిదో ఫోను చెబుతుంది, తాళంచెవి బోర్డు చెబుతుంది.

నాకు నవ్వు ఆగలేదు. దుర్గకూ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో రెండు రోజుల తర్వాత అదే మొదటి నవ్వని తర్వాత చెప్పింది. బాబ్జీ గారు మాత్రం నవ్వలేదు. "అడిగినోళ్ళందరికీ నేనే చెప్పేనండి. నీళ్ళు అడిగితే లేవంటామా? ఇదీ అంతే కదండీ, అయిపోయే సరుకా?" అన్నారు.

లాప్‌టాప్ కలిపి, రౌటరుకు ఆ క్షణాన కలిసి ఉన్న ఫోన్లు ఎన్నో చూశాను. ఇంటివాళ్ళవి దుర్గదీ, శ్రీనుదీ రెండే. తెర మీద ఇరవై పైచిలుకు కనిపించాయి. అవి ఎవరివో తెలియదు. ఫోన్ల కంపెనీ పేర్లు, అర్థంకాని అక్షరాలు, అంతే. ఆ పోస్టు వచ్చిన రోజు ఏ ఫోను కలిసిందో చూద్దామంటే, ఉరుము ఉరిమినప్పుడల్లా బాబ్జీ గారు డబ్బా కరెంటు తీసేస్తారు. తీసిన ప్రతిసారీ ఆ చవక రకం డబ్బా పాత సంగతులన్నీ మరిచిపోతుంది. ఆషాఢ శ్రావణాల్లో ఎన్నిసార్లు ఉరిమిందో ఎవరు లెక్కపెట్టారు?

ఫోనులో సిగ్నలు చూసుకుంటూ సూరిబాబూ నేనూ వీధిలో నడిచాం. ఎదురుగా హోమియో డాక్టరు గారి దగ్గరా, పక్క సందులో టైలరు దగ్గరా, బస్టాండు వెనక గోడ దాకా 'బాబ్జీ ప్యాలెస్' అందుతూనే ఉంది. పోస్టు ఆ వీధిలో ఎవరైనా పెట్టి ఉండవచ్చు. ఇంత వరకు రాసినా దుర్గకు కొంత ఆసరా దొరుకుతుంది. కానీ "ఎవరైనా కావచ్చు" అనే మాట వెరిఫికేషను కాగితం మీద సంతకం తెప్పించదు. మనిషి దొరకాలి.

మేము మళ్ళీ మేడెక్కేసరికి దుర్గ ఫోనులో ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. 'ఏటిగట్టు లైవ్' అనే మొబైలు ఛానెలు. దాన్ని నడిపే ప్రసాద్ అనే అతను పక్క మేడ పై గదిలో అద్దెకుంటాడు. వార్తలు సేకరించేదీ, చదివేదీ, కెమెరా పట్టేదీ ఒక్కడే. రోజూ సాయంత్రం ఆరింటికి డాబా మీద నిలబడి నేరుగా ప్రసారం చేస్తాడు. ఆ వేళ మాట్లాడుతున్నది ఈ కేసు గురించే. "లంక ప్రజల ప్రాణాలతో ఆడుకున్నవారిని పోలీసులు ఎందుకు వెనకేసుకొస్తున్నారు? ఒక ఇంటి కోడలైతే అరెస్టు చెయ్యరా?" అంటున్నాడు. పేరు చెప్పలేదు గానీ, వీధి వీధంతా ఎవరి గురించో తెలుసు. దుర్గ ఫోను ఆపేసి బల్ల మీద బోర్లించింది.

నాకొక ఆలోచన వచ్చింది. అది నెట్‌వర్కు ఇంజినీరుకు కాదు, ఈ ఊళ్ళో పుట్టిపెరిగిన మనిషికి రావలసిన ఆలోచన. ఎస్సై గారికి ఫోను చేసి చెప్పాను. ఆయన ఒప్పుకున్నాక, దుర్గ చేత వైఫై పాస్‌వర్డు మార్పించాను. కొత్తది ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పవద్దన్నాను. వచ్చి అడిగినవాళ్ళకు "బాగు చేయిస్తున్నాం" అని మాత్రం చెప్పి, ఎవరెవరు వచ్చారో గుర్తుంచుకోమన్నాను. కోనసీమలో నెట్ ఆగిపోతే మనిషి ఇంట్లో కూర్చోడు, వచ్చి అడుగుతాడు. అడిగితే ఎవరు వాడుతున్నారో తెలుస్తుంది.

శనివారం పొద్దున్నే మొదలైంది. నేను ఆ పూట అక్కడే ఉన్నాను. ముందు టైలరు లక్ష్మి గారు వచ్చారు. జాకెట్ల డిజైన్లు తెరుచుకోవడం లేదట. పక్కనే హోమియో డాక్టరు గారు. ఆయన మనవరాలితో వీడియోలో మాట్లాడుకునే వేళ అది. తర్వాత బస్సు కండక్టరు ఒకాయన. బస్సు ఆగిన పావుగంటలో ఒక సినిమా దింపుకుని వెళతాడట. ఎవరూ దాచలేదు, ఎవరూ సిగ్గుపడలేదు. "ఏటి బాబ్జీ గారూ, మన నెట్ పోయిందేటి?" అని 'మన' అనే అడుగుతున్నారు. ఒకాయన ఊరికే రావడం బాగుండదని పనసకాయ కూడా తెచ్చాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘం పాస్టరు గారు వచ్చారు. గుమ్మంలో నన్ను చూసి కాస్త తడబడ్డారు. "పాటల పదాల కోసమమ్మా," అన్నారు. ఆయన వెనకే వాళ్ళ పెద్దమ్మాయి కూడా ఫోను పట్టుకుని ఉంది.

బాబ్జీ గారు అందరికీ "ఆయ్, బాగు చేయిస్తున్నానండి" అని చెప్పి చెప్పి అలిసిపోయారు. ఆయనకది పెద్ద శిక్షే. "ఇంతమంది నా నెట్ మీద బతుకుతున్నారా!" అని ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యంలో సంతోషం పాలే ఎక్కువ.

వచ్చినవాళ్ళలో ఎవరి మీదా నాకు అనుమానం కలగలేదు. వాళ్ళు పోలీసు సంగతి తెలిసీ వచ్చారు. తప్పు చేసినవాడు ఆ గుమ్మం ఎక్కడు. ఆదివారం సాయంత్రం టీ తాగుతూ ఈ మాటే అంటే, దుర్గ ఏదో గుర్తుకొచ్చినట్టు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"మేడం గారూ, నిన్న ఆరింటికి లైవ్ రాలేదండి. ఇవాళా రాలేదు. వరదలప్పుడు కూడా మానలేదండి అతను."

పక్క డాబా ఖాళీగా ఉంది. దీపస్తంభంలాంటి ఆ కెమెరా స్టాండు ఒక్కటే గోడకు ఆనించి ఉంది.

అది అనుమానమే గాని రుజువు కాదు. జ్వరం వచ్చి ఉండవచ్చు, ఊరికి వెళ్ళి ఉండవచ్చు. ఎస్సై గారికి ఆ సంగతి చెబుదామా వద్దా అని రాత్రంతా తటపటాయించాను. దుర్గ మీద ఎలాంటి ఆధారంతో వేలు చూపించారో, అలాంటి ఆధారంతోనే నేను మరొకరి మీద వేలు చూపించినట్టవుతుంది. చెప్పకూడదనే నిశ్చయించుకున్నాను.

సోమవారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి ఎక్స్ఛేంజిలో ఫోను మోగుతోంది. సూరిబాబు ఇంకా రాలేదు. నేనే తీశాను.

"ఎక్స్ఛేంజాండి? బాబ్జీ గారి లైను పోయి మూడు రోజులైందండి. ఎవరూ పట్టించుకోరేటండి? ఎప్పటికి బాగవుద్ది?"

"తమరెవరండి?"

"ఇంటి మనిషినేనండి."

"ఇంటివాళ్ళకి నెట్ బాగానే వస్తోందండి. నేను నిన్న సాయంత్రం అక్కడే ఉన్నాను. మీకెందుకు రావడం లేదు?"

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. ఆ గొంతు నాకు తెలుసు. శుక్రవారం దుర్గ ఫోనులో "అరెస్టు చెయ్యరా" అని అడిగిన గొంతు అదే. వార్తలు చదివేవాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. మామూలుగా మాట్లాడినా వార్తలు చదివినట్టే ఉంటుంది.

ఇప్పుడు ఎస్సై గారికి ఫోను చేశాను. నాకు తెలిసినది ఇంతేనని మొదటే చెప్పాను. ఫలానా అతను బాబ్జీ గారి వైఫై వాడుతున్నాడు, ఆ సంగతి దాచడానికి ఇంటి మనిషినని అబద్ధం చెప్పాడు. పోస్టు పెట్టాడో లేదో నేను చెప్పలేను. "అది మేం చూసుకుంటామండి," అన్నారాయన.

మధ్యాహ్నానికి తేలిపోయింది. ప్రసాద్‌ను స్టేషనుకు పిలిచి ఫోను చూపించమంటే, 'లంక మిత్రుడు' ఖాతా అందులో తెరిచే ఉందట. మూసెయ్యాలని కూడా తోచలేదు. అతను దాచకుండా చెప్పేశాడు. ఛానెలుకు చూసేవాళ్ళు తగ్గిపోతున్నారు. తానే దొంగ పేరుతో ఒక పుకారు పుట్టించి, గంట తర్వాత తన ఛానెల్లో అది అబద్ధమని అందరికన్నా ముందు చెబితే, నిజం చెప్పే ఛానెలని పేరొస్తుందనుకున్నాడు. జనం పడవెక్కుతారని అనుకోలేదు. పడవ ఒరిగాక భయపడ్డాడు. అనుమానం పక్కింటి మీదికి వెళ్ళాక, తన మీదికి రాకుండా అందరికన్నా గట్టిగా అరిచాడు.

ఎస్సై గారు ఆ సాయంత్రమే స్వయంగా వచ్చి, బాబ్జీ గారింట్లో కూర్చుని, "తొందరపడ్డామండి, ఏమీ అనుకోకండి," అని దుర్గతో చెప్పారు. పోలీసు ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఇంటికి వచ్చి ఆ మాట చెప్పడం నేను మరెక్కడా చూడలేదు. దుర్గ "పర్వాలేదండి" అంది. ఆ తర్వాత లోపలికి వెళ్ళి కాసేపు బయటికి రాలేదు. వచ్చేటప్పుడు అందరికీ కాఫీ తెచ్చింది. నెల తిరక్కుండా వెరిఫికేషను పూర్తయి, కొత్తపేట ఆసుపత్రిలో చేరింది.

ప్రసాద్ మీద కేసు నడిచింది. అది వేరే సంగతి. అంతకుముందే లంకకు వెళ్ళి, తన ఛానెల్లోనే అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు. ఆ ప్రసారాన్ని అతని ఛానెలు చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువమంది చూశారని చెప్పుకున్నారు. అతను చేతులు జోడించి మాట్లాడుతుండగా దుర్గ వాళ్ళమ్మ కెమెరాకు అడ్డంగా వచ్చి నిలబడింది. "క్షమాపణ సరే గాని నాయనా, నా కోళ్ళ సంగతేటి?" అంది. మర్నాడు రేవులో ఒక గంప దిగింది. అందులో పోయినవాటికన్నా ఒక పుంజు ఎక్కువ ఉందట.

ఇక రౌటరు పని. అసలు మా శాఖవాళ్ళు చేయవలసిన పని అదే. ఆ వారంలో ఒక పూట కూర్చుని దుర్గ చేత్తోనే అంతా చేయించాను. ముందు అడ్మిన్ పాస్‌వర్డు మార్చాం. వైఫై పేరులోంచి ఇంటి పేరు తీసేశాం. బాబ్జీ గారికి ఇది బాధ కలిగించింది గాని, దారిన పోయేవాడికి ఇల్లెవరిదో చెప్పవలసిన అవసరం లేదని ఒప్పుకున్నారు. కొత్త పాస్‌వర్డును సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు కలిపి, ఇంగ్లీషు అక్షరాల్లో పొడుగ్గా పెట్టించాను. చిన్నదీ చిక్కుదీ పెడితే మనిషి మరిచిపోయి గోడ మీద రాసుకుంటాడు, పొడుగుదీ తేలికదీ అయితే గుర్తుంటుంది, ఊహించడం కష్టం. డబ్బా వెనక ఒక బటను నొక్కితే పాస్‌వర్డు అడక్కుండానే ఫోన్లు కలిసే సదుపాయం ఉంటుంది. దాన్ని ఆపించాను. బయట ఊళ్ళో ఉండి రౌటరు అమరికలు మార్చగలిగే దారి ఒకటి తెరిచి ఉంది. దాన్నీ మూయించాను. రౌటరు లోపలి ప్రోగ్రాముకు కంపెనీ కొత్త సవరణ పంపింది, రెండేళ్ళుగా ఎవరూ ఎక్కించలేదు. అది ఎక్కేదాకా పనసతొనలు తింటూ కూర్చున్నాం.

అంతా అయ్యాక బాబ్జీ గారు మెల్లగా అడిగారు. "ఇంతకీ డాక్టరు గారికీ, లక్ష్మికీ, పాస్టరు గారికీ లేదని చెప్పాలేటండి? అంత పని నా వల్ల కాదండి మేడం గారూ. మా ఇంట్లో ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదండి."

ఆయన నిజంగా బాధపడుతున్నారు. లేదనక్కర్లేదని చెప్పాను. చాలా రౌటర్లలో అతిథుల కోసమే వేరే వైఫై తెరిచే వీలుంది. దానికి పేరు వేరు, పాస్‌వర్డు వేరు. అందులో కలిసినవాళ్ళకు ఇంటర్నెట్టు వస్తుంది గాని, ఇంటివాళ్ళ ఫోన్లూ, కంప్యూటరూ, షాపులోని కెమెరాలూ కనిపించవు. వీధరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాం, అంతమాత్రాన పెట్టె గదిలోకి రానిస్తామా? ఆ పోలిక బాబ్జీ గారికి వెంటనే పట్టుబడింది. అయితే దుర్గ ఒక షరతు పెట్టింది. అతిథుల పాస్‌వర్డు నెలనెలా మారుతుంది, అడిగినవాళ్ళకు మావయ్య గారే నోటితో చెప్పాలి, బోర్డు మీద రాయించకూడదు.

"ఆయ్," అన్నారు బాబ్జీ గారు. ఆ రోజు నుంచి ఒకటో తారీఖు పొద్దున్న ఆ అరుగు మీద చిన్న తిరనాళ్ళే. అందరూ వస్తారు, ఆ నెల పాస్‌వర్డు తీసుకుంటారు, కాఫీ తాగి వెళతారు. పేరు తెలియనివాళ్ళెవరూ ఆ లైను వాడడం లేదు. అయితే ఇలా పంచుకున్నా లైను ఆయన పేరు మీదిదే, జవాబుదారీ ఆయనదేనని నేను చెప్పవలసిన హెచ్చరిక చెప్పాను. "తెలిసినవాళ్ళే కదండీ," అన్నారు. వాడుతున్న సంగతి తెలియని ఒక్కడి వల్ల ఏమైందో గుర్తుచేశాను. ఆ తర్వాత కొత్త మొహాలకు మాత్రం కాఫీయే ఇస్తున్నారని సూరిబాబు చెప్పాడు.

ఎస్సై గారు అడిగిన ధ్రువపత్రం కూడా ఆ వారమే రాసి పంపాను. పోస్టు వచ్చిన సమయానికి ఆ ఐపీ చిరునామా బాబ్జీ గారి కనెక్షనుకు కేటాయించి ఉన్న మాట నిజమనీ, ఆ కనెక్షను వైఫై ఇంటి వెలుపల ఎంత దూరం అందుతోందో మేము స్వయంగా చూశామనీ, పాస్‌వర్డు బహిరంగంగా ఉండేదనీ, కనుక వాడిన వ్యక్తి ఎవరో మా శాఖ చెప్పజాలదనీ రాశాను. మనిషి దొరికిపోయాక ఇంత వివరం ఎందుకని డివిజనల్ ఇంజినీరు గారు అడిగారు. మనిషి దొరకకపోయినా నేను రాయవలసింది ఇదేనని చెప్పాను.

మిగిలిన సర్వీసులో రెండు పద్ధతులు పెట్టుకున్నాను. కొత్త కనెక్షను బిగించినవాళ్ళు, వినియోగదారుడు తన చేత్తో రెండు పాస్‌వర్డులూ మార్చుకునేదాకా ఆ ఇల్లు కదలకూడదు. కదిలితే పని పూర్తయినట్టు నేను సంతకం పెట్టను. కాంట్రాక్టరుకు ఇది నచ్చలేదు గాని, రాజోలు సబ్ డివిజనులో నేనున్నన్నాళ్ళూ నడిచింది. రెండోది, పోలీసులు అడిగిన ప్రతి ధ్రువపత్రంలోనూ మా పరికరాలు చూపించినంతవరకే రాసి, ఆ తర్వాతి వాక్యంలో మా పరికరాలు చూపించలేనిది ఏమిటో కూడా రాశాను. మొదటి వాక్యం ఒక్కటే రాస్తే చదివేవాళ్ళు మిగతాది తమకు తోచినట్టు పూరించుకుంటారు. ఆ పూరించిన చోట ఎవరో ఒకరి ఉద్యోగం, ఎవరో ఒకరి పరువు ఉంటాయి.